ఆసుపత్రిలో లాక్‌డౌన్: తలుపు మూసి ప్రాణం నిలిపే పద్ధతి

లాక్‌డౌన్ అనే మాట మనందరికీ 2020 మార్చి 25 నుంచి బాగా అలవాటైంది. కరోనా రోజుల్లో దేశమంతా ఇంట్లోనే ఉండిపోవడాన్ని ఆ మాటతో పిలిచాం. అయితే ఆసుపత్రుల్లో, బడుల్లో ఈ మాటకు అంతకుముందే మరో అర్థం ఉంది. ఆయుధం పట్టుకున్న మనిషి లోపలికి చొరబడినప్పుడు ఎక్కడి తలుపులు అక్కడ మూసి, లోపలివారిని అతని కంట పడకుండా కాపాడటాన్ని కూడా లాక్‌డౌన్ అంటారు. ఈ పాఠంలో ఆ పద్ధతి ఏమిటో, ఎందుకు అవసరమో, దానిలో మనవంతు ఏమిటో తెలుసుకుందాం. భయపడటానికి కాదు, భయం వేసినప్పుడు ఏం చేయాలో తెలిసి ఉండటానికి.

ఆసుపత్రి ఎందుకు వేరు?

బ్యాంకులోనో, సినిమా హాల్లోనో ప్రమాదం వస్తే లోపలున్నవాళ్లు బయటికి పరుగెత్తగలరు. ఆసుపత్రిలో చాలామంది పరుగెత్తలేరు. ఐసీయూలో శ్వాసయంత్రం మీద ఉన్న రోగి, ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్న మనిషి, డయాలసిస్ గొట్టాలతో పడుకున్న పెద్దాయన, అప్పుడే పుట్టిన పసికందు... వీరెవరూ తమంతట తాము కదలలేరు. వీరిని వదిలి వెళ్లడానికి డాక్టరుకు, నర్సుకు మనసు ఒప్పదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆసుపత్రి తలుపు రాత్రీ పగలూ తెరిచే ఉండాలి. సూరత్‌లోని న్యూ సివిల్ ఆసుపత్రికో, స్మిమెర్ ఆసుపత్రికో వెళ్లి చూడండి. రోగులు, వారి వెంట వచ్చినవారు, మందులు తెచ్చేవారు, అంబులెన్సులు, భోజనం డబ్బాలతో వచ్చే బంధువులు ఒకరి వెనుక ఒకరు వస్తూనే ఉంటారు. ఎవరు ఎందుకు వచ్చారో గేటు దగ్గర కనిపెట్టడం కష్టం. అందుకే ఆసుపత్రిలో రక్షణ ఒక్క గేటుతో అయ్యే పని కాదు. ప్రతి వార్డు తలుపూ ఒక గేటే కావాలి.

కామా ఆసుపత్రిలో ఆ రాత్రి

ఈ విషయంలో మన దేశం మరచిపోలేని ఉదాహరణ ముంబయిలోని కామా అండ్ ఆల్బ్లెస్ ఆసుపత్రి. ఇది స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేసే పాత ప్రభుత్వ ఆసుపత్రి. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ రైల్వే స్టేషన్‌కు దగ్గరలోనే ఉంటుంది.

2008 నవంబరు 26 రాత్రి పదిమంది ఉగ్రవాదులు ముంబయి మీద దాడి చేశారు. వారు సముద్రంలో మన గుజరాత్ పోర్‌బందర్‌కు చెందిన కుబేర్ అనే చేపల పడవను బలవంతంగా పట్టుకుని, దాని మీద ముంబయి వైపు వచ్చారు. వారిలో ఇద్దరు మొదట రైల్వే స్టేషన్‌లో కాల్పులు జరిపారు. అక్కడ విష్ణు ఝెండే అనే రైల్వే ఉద్యోగి ప్రకటనలు చేసే గదిలో ఉన్నారు. జరుగుతున్నది చూసి ఆయన మైకు వదలలేదు. ఏ వైపు నుంచి బయటపడాలో ప్రయాణికులకు పదేపదే చెప్పారు. ఆ గొంతు విని ఎంతోమంది ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ తర్వాత ఆ ఇద్దరూ కామా ఆసుపత్రిలోకి దూరారు. కాపలా ఉన్న ఇద్దరిని కాల్చి చంపారు. ఆ సమయంలో అంజలీ కుల్థే అనే నర్సు గర్భిణుల వార్డులో రాత్రి డ్యూటీలో ఉన్నారు. ఆ వార్డులో 20 మంది గర్భిణులు ఉన్నారు. కాపలాదారులు పడిపోవడం ఆమె కిటికీలోంచి చూశారు. తోటి ఉద్యోగిని ఒకరికి తూటా తగిలితే ఆమెను చికిత్సకు చేర్చారు. వార్డు బరువైన తలుపులు మూసేశారు. గర్భిణులందరినీ వార్డు చివర ఉన్న చిన్న వంటగదిలోకి తరలించారు. బయట తూటాలు, గ్రెనేడ్ల శబ్దం వినిపిస్తుంటే అందరూ ఆ ఇరుకు గదిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

అంతలో రక్తపోటు ఎక్కువగా ఉన్న ఒక గర్భిణికి నొప్పులు మొదలయ్యాయి. ఆమెను అక్కడే ఉంచితే తల్లీబిడ్డలకు ప్రమాదం. అంజలి గారు ఆమెను గోడకు ఆనించి నడిపిస్తూ, మెట్లు ఎక్కించి ప్రసూతి గదికి చేర్చారు. బిడ్డ క్షేమంగా పుట్టింది. వార్డులోని 20 మందీ బతికారు.

తరువాత ఆమె పట్టుబడిన ఉగ్రవాదిని గుర్తుపట్టి కోర్టులో సాక్ష్యం చెప్పారు. 2022 డిసెంబరు 15న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందు వీడియో ద్వారా ఆ రాత్రి గురించి మాట్లాడారు. ఆమె చేతిలో ఆయుధం లేదు. ఉన్నవి ఒక తలుపు, ఒక వంటగది, తన వార్డులో ఏది ఎక్కడ ఉందో తెలిసిన జ్ఞానం. లాక్‌డౌన్ అంటే ఇదే.

లాక్‌డౌన్‌లో మెట్లు

నేడు ఆసుపత్రులు ఈ పనిని ముందుగా రాసి పెట్టుకుని, అభ్యాసం చేసుకుంటాయి. దానిలో ముఖ్యమైన మెట్లు ఇవి.

1. కబురు. ప్రమాదం మొదట చూసినవారు వెంటనే చెప్పాలి. పై అధికారి అనుమతి కోసం ఎదురుచూడకూడదు. మైకులో ఎక్కడ, ఏమిటి అన్నది స్పష్టంగా చెప్పాలి. స్టేషన్‌లో ఝెండే గారు చేసింది ఇదే.

2. దూరం. ప్రమాదానికి దూరంగా, బయటి ద్వారానికి దగ్గరగా ఉన్నవారు నిశ్శబ్దంగా బయటికి వెళ్లిపోవాలి. సామాన్ల కోసం వెనక్కి రాకూడదు. లిఫ్టు ఎక్కకూడదు. దాని తలుపు ఎవరి ఎదుట తెరుచుకుంటుందో తెలియదు.

3. తలుపు. బయటికి వెళ్లలేనివారు ఉన్న గదిలోనే తలుపు మూసి గడియ పెట్టాలి. గడియ లేకపోతే మంచం, బీరువా, బల్ల అడ్డుపెట్టాలి. ఆసుపత్రి మంచాలకు చక్రాలుంటాయి కాబట్టి జరిపాక బ్రేకు వేయడం మరవకూడదు.

4. చీకటి, నిశ్శబ్దం. అవసరం లేని దీపాలు ఆర్పాలి. ఫోను మోగకుండా, వణకకుండా పెట్టాలి. తలుపుకు, గాజు కిటికీలకు ఎదురుగా కాకుండా గట్టి గోడ పక్కన కింద కూర్చోవాలి. రోగికి ప్రాణాధారమైన యంత్రాన్ని మాత్రం ఆపరు.

5. తెరవకపోవడం. ఎవరు తట్టినా, పిలిచినా తలుపు తీయకూడదు. ప్రమాదం తొలగిందన్న ప్రకటన రావాలి, లేదా పోలీసులే వచ్చి తెరిపించాలి.

6. పోలీసులు వచ్చాక. ఖాళీ చేతులు పైకి కనిపించేలా ఉంచాలి. వారి వైపు పరుగెత్తకూడదు. ఎవరు ఎవరో వారికి ఆ క్షణంలో తెలియదు.

7. లెక్క. చివరగా ప్రతి వార్డులో తలలు లెక్కపెడతారు. ఎవరు ఉన్నారు, ఎవరు కనబడటం లేదు, ఎవరికి దెబ్బ తగిలింది అని చూస్తారు.

సంకేత పదాలు

ఆసుపత్రి మైకులో కోడ్ బ్లూ, కోడ్ రెడ్ అని వినే ఉంటారు. రోగులు కంగారు పడకుండా సిబ్బందికి కబురు చెప్పేందుకు ఈ రంగుల భాష పుట్టింది. గుండె ఆగిన రోగికి బ్లూ, మంటలకు రెడ్, పసిబిడ్డ కనబడకపోతే పింక్ అని చాలాచోట్ల వాడుతారు. ఆయుధంతో వచ్చిన మనిషికి అమెరికా ఆసుపత్రుల్లో సిల్వర్ అనే మాట బాగా వాడుకలో ఉంది. అయితే ఈ రంగులు అన్ని ఆసుపత్రుల్లో ఒకేలా ఉండవు. పైగా రోగి వెంట వచ్చినవారికి రంగు పేరు వింటే ఏమీ తెలియదు. అందుకే ఆయుధం విషయంలో సంకేతం కన్నా మామూలు మాటల్లో చెప్పడమే మేలని ఇప్పుడు చాలామంది నిపుణులు అంటున్నారు.

మంటలైతే బయటికి, ఆయుధమైతే లోపలికి

ఈ తేడా బాగా గుర్తుంచుకోవాలి. మన సూరత్‌లో 2019 మే 24న సర్థాణా ప్రాంతంలోని తక్షశిల ఆర్కేడ్ భవనంలో మంటలు లేచి, పై అంతస్తులో కోచింగ్‌కు వచ్చిన 22 మంది విద్యార్థులు చనిపోయారు. బయటపడే దారి లేకపోవడమే అక్కడి విషాదం. మంటల్లో మూసిన గది ఉచ్చు అవుతుంది. ఆయుధం ఎదుట అదే గది కవచం అవుతుంది. కాబట్టి మంచి ఆసుపత్రి తలుపు రెండు పనులూ చేయాలి. బయటివాడు తెరవలేకుండా ఉండాలి, లోపలివారు తాళంచెవి వెతకకుండానే తెరుచుకుని బయటికి రాగలగాలి. అత్యవసర ద్వారానికి గొలుసు వేసి తాళం పెట్టడం లాక్‌డౌన్ కాదు, అది ఇంకో ప్రమాదం.

చూసింది చెప్పడం

2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస బాంబులు పేలాయి. క్షతగాత్రులను తీసుకువెళ్తున్న సివిల్ ఆసుపత్రి దగ్గర కూడా బాంబులు పెట్టారు. సాయం చేయడానికి వచ్చినవారు కూడా అక్కడ ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాతి రోజుల్లో మన సూరత్‌లో చెట్ల మీద, బోర్డుల వెనుక ఇరవైకి పైగా బాంబులు దొరికాయి. ఒక్కటీ పేలలేదు. పోలీసులు వాటిని తొలగించారు. ఆసుపత్రి కూడా దాడికి గురి కావచ్చని, రోజూ నడిచే వీధిలో కొత్తగా కనిపించిన వస్తువును పట్టించుకోవాలని ఆ రోజులు గుజరాత్‌కు నేర్పాయి.

దాడి ఎప్పుడూ ఉగ్రవాదులదే కానక్కరలేదు. రోగి చనిపోయాడన్న కోపంతో బంధువులు డాక్టర్ల మీద పడటం మన దేశంలో తరచూ వింటున్నాం. దీన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్ 2008లోనే ప్రత్యేక చట్టం చేసింది. 2024 ఆగస్టులో కోల్‌కతాలోని ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలి హత్య జరిగాక, సుప్రీంకోర్టు ఆగస్టు 20న వైద్యుల భద్రత కోసం జాతీయ కార్యదళాన్ని నియమించింది. హైదరాబాద్‌కు చెందిన ప్రసిద్ధ వైద్యులు డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారు అందులో ఒక సభ్యులు. ఆసుపత్రుల్లోకి ఆయుధాలు రాకుండా తనిఖీ చేయాలని ఆ ఆదేశం సూచించింది. గేటు దగ్గర మన సంచి తెరిచి చూపమంటే విసుక్కోకుండా చూపడం కూడా ఆ పనిలో మన భాగమే.

బదిలీల పిల్లలకు ఒక మాట

మనలో చాలామంది నాన్నగారికో అమ్మకో రైల్వేలోనో, ఓఎన్‌జీసీలోనో, ఆదాయపు పన్ను శాఖలోనో ఉద్యోగం. మూడు నాలుగేళ్లకు ఊరు మారుతుంది. కొత్త ఊళ్లో పాలవాడి నంబరు, బస్సు నంబరు మొదటి వారంలోనే తెలుసుకుంటాం. అలాగే దగ్గరి ఆసుపత్రికి దారి, దాని రెండో ద్వారం ఎక్కడుందో కూడా తెలుసుకోవాలి.

ఇంకొకటి ముఖ్యం. అమ్మమ్మో తాతయ్యో మన ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో చేరారనుకోండి. మైకులో ప్రకటన గుజరాతీలోనో హిందీలోనో వస్తుంది. వారికి తెలుగు తప్ప రాకపోవచ్చు. అప్పుడు వారి చెవులు మీరే. కనీసం ఈ నాలుగు గుజరాతీ మాటలు నేర్చుకోండి.

దర్వాజో బంధ్ కరో: తలుపు వేయండి
అందర్ ఆవో: లోపలికి రండి
బహార్ జావ్: బయటికి వెళ్లండి
శాంతి రాఖో: నెమ్మదిగా, నిశ్శబ్దంగా ఉండండి

విన్నది వెంటనే తెలుగులో మెల్లగా చెప్పి, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోండి. సిస్టర్ చెప్పినట్టు చేయండి. వీడియో తీయడం, పుకారు పంపడం వద్దు. ఎవరు ఎక్కడ దాక్కున్నారో ఆ వీడియోయే దుండగుడికి చూపించవచ్చు. సురక్షితమైన చోట ఉన్నప్పుడు మాత్రమే 112కు ఫోను చేసి భవనం పేరు, అంతస్తు, చూసింది చెప్పండి. గాయపడినవారి కోసం 108 ఉంది. ఈ 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, 2007లో గుజరాత్‌కు వచ్చింది.

గుర్తుంచుకుందాం

ఇలాంటి ఘటనలు చాలా అరుదు. వైద్యం కోసం వెళ్లే ఆసుపత్రిని చూసి భయపడనక్కరలేదు. మన విద్యాలయంలో మాక్ డ్రిల్ గంట మోగినప్పుడు కొందరు నవ్వుకుంటూ నడుస్తారు. ఆ డ్రిల్‌ను శ్రద్ధగా చేసినవారికే అవసరమైనప్పుడు కాళ్లు తడబడవు. దుండగుడి మీదికి దూకడం పిల్లల పని కాదు. తలుపు మూయడం, నోరు మూసుకోవడం, పక్కవారిని పట్టుకుని ఉండటం చాలు.

అభ్యాసం

1. ఆసుపత్రిలో లాక్‌డౌన్ బ్యాంకులో కన్నా ఎందుకు కష్టం? రెండు కారణాలు రాయండి.
2. అంజలీ కుల్థే గారు చేసిన పనులను వరుసగా రాసి, అవి పైన చెప్పిన ఏ మెట్లకు సరిపోతాయో చెప్పండి.
3. మంటలు లేచినప్పుడు, ఆయుధంతో మనిషి వచ్చినప్పుడు మనం చేయవలసిన పనుల్లో తేడా ఏమిటి?
4. ప్రాజెక్టు పని: మీ ఇంటికి దగ్గరి ఆసుపత్రికి పెద్దవారితో వెళ్లినప్పుడు అత్యవసర ద్వారాలు ఎక్కడున్నాయో గమనించండి. ఇంటికి వచ్చి అమ్మానాన్నలకు, అమ్మమ్మా తాతయ్యలకు తెలుగులో వివరించండి.