మరణమును రప్పించుట, రానిచ్చుట

బాధను తొలగించుట ధర్మము. బాధను తొలగించుటకై ప్రాణమునే తొలగింపవచ్చునా?

1973లో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ ఘోరమైన దాడికి గురియై, మెదడు దెబ్బతిని, మంచము పట్టెను. ఆమెకు ఆహారమిచ్చుట మాని మరణింపనిండని ఇతరులు వేసిన అర్జీకి తోటి నర్సులు సమ్మతింపలేదు. సుప్రీంకోర్టు 2011లో దానిని త్రోసివేసెను. 2015లో న్యుమోనియాతో ఆమె కన్నుమూయువరకు, నలుబది యేండ్లకు పైగా, ఆ నర్సులును వారి తరువాతివారును ఆమెకు పరిచర్య చేసిరి.

అయినను, కోలుకొను ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్సను నిర్ణీత నియమములకు లోబడి నిలుపవచ్చునని ఆ తీర్పే అంగీకరించెను. అట్టి చికిత్స తనకు వలదని మనుష్యుడు ముందుగనే వ్రాసియుంచవచ్చునని 2018లో రాజ్యాంగ ధర్మాసనము పలికెను. 2023లో ఆ విధానము సులభమైనది. మందిచ్చి ప్రాణము తీయుట మాత్రము మన దేశమున నేటికిని నేరమే.

ఈ రెంటికి భేదము సంకల్పమున నున్నది. సూదిమందుతో ప్రాణము తీయువాడు మరణమునే కోరును. నిష్ఫలమైన చికిత్సను మానువాడు మరణమును కోరడు. దానికి అడ్డు నిలువడు, అంతియే. కాని రోగి భారమయ్యెనని, ధనము వ్యయమగుచున్నదని చికిత్సను మానినచో అది పరిత్యాగమే యగును. కావున ఆప్తులు మొదట తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను: ఈ నిర్ణయము ఎవరి బాధ తీరుటకు?

చికిత్స ఆగవచ్చును. నొప్పిని తగ్గించుట, పెదవి తడుపుట, చేయి పట్టుకొని చెంత కూర్చుండుట ఆగరాదు. సేవకు చివరి శ్వాసవరకు విరామము లేదు.