వాణిజ్య ఒప్పందంలో మన బ్యాంకు ఎక్కడుంది?

ఈమధ్య పేపరు తీస్తే ఏదో ఒక దేశంతో వాణిజ్య ఒప్పందం అన్న వార్త కనబడుతోంది. 2024 మార్చిలో స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌ల ఎఫ్టా కూటమితో, 2025 జూలైలో బ్రిటన్‌తో మన దేశం సంతకాలు చేసింది. ఇలాంటి వార్త వస్తే మన ఇళ్లలో అడిగేది ఒకటే: కార్లు చవకవుతాయా, చాక్లెట్ల ధర తగ్గుతుందా అని. అదే ఒప్పందంలో బ్యాంకులు, బీమా వంటి ఆర్థిక సేవల గురించి కూడా ఒక భాగం ఉంటుంది. బ్యాంకు జీతంతో నడిచే ఇళ్లలో కూడా ఆ భాగం గురించి అడిగేవారు అరుదు. నేనూ చాలాకాలం అడగలేదు.

బీకాం చదువుతున్న మా అమ్మాయి ఒకరోజు, "నాన్నా, విదేశీ బ్యాంకుల దగ్గర అంత డబ్బుంది కదా, మన ఊళ్లో ఒక్క బ్రాంచి కూడా ఎందుకు లేదు?" అని అడిగింది. "లాభం ఉండదు కాబట్టి" అన్నాను. అది సగం జవాబే. మిగతా సగం కోసం జెనీవాలో ఉన్న ఒక జాబితా దాకా వెళ్లాలి.

సేవలు ఒప్పందంలోకి ఎలా వచ్చాయి?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1948లో అమల్లోకి వచ్చిన 'గాట్' ఒప్పందం సరుకులకు సంబంధించినది. ఉక్కు, బట్ట, యంత్రాలు, వాటి మీద సుంకాలు. బ్యాంకింగ్ దాని పరిధిలో లేదు. ఏ దేశం తన బ్యాంకులను ఎలా నడుపుకోవాలన్నది ఆ దేశం ఇష్టం.

1970ల చివరి నుంచి అమెరికాలో కొన్ని పెద్ద కంపెనీలు దీన్ని మార్చాలని పట్టుబట్టాయి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్, సిటీకార్ప్, బీమా రంగంలో ఏఐజీ ముందు వరుసలో నిలిచాయి. ఇతర దేశాల్లో బ్రాంచీలు తెరవాలన్నా, పాలసీలు అమ్మాలన్నా ఆయా ప్రభుత్వాల అనుమతులు అడ్డం. కాబట్టి సేవలను కూడా వాణిజ్య ఒప్పందంలో చేర్చాలన్నారు. 1982లో సేవారంగ సంస్థలన్నీ కలిసి 'కోయలిషన్ ఆఫ్ సర్వీస్ ఇండస్ట్రీస్' అనే కూటమిని ఏర్పాటు చేసుకున్నాయి.

ఇందులో రహస్యమేమీ లేదు. వాణిజ్య చర్చల్లో పరిశ్రమ ప్రతినిధులతో సలహా సంఘాలు ఉండాలని అమెరికా 1974లోనే చట్టం చేసుకుంది. అలా ప్రభుత్వ ప్రతినిధి చర్చలకు బయలుదేరక ముందే కంపెనీల కోరికలు ఆయన ఫైలులో చేరతాయి.

1986లో ఉరుగ్వేలోని పుంటా డెల్ ఎస్టేలో కొత్త చర్చలు మొదలైనప్పుడు సేవలను చేర్చడాన్ని భారత్, బ్రెజిల్ గట్టిగా వ్యతిరేకించాయి. చివరికి సరుకుల మీద ఒక వరుస, సేవల మీద మరో వరుస అని విడదీసి చర్చలు సాగాయి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు సేవల ఒప్పందం 'గ్యాట్స్' కూడా అమల్లోకి వచ్చింది. అమెరికా ఆర్థిక సేవల రంగం, ముఖ్యంగా అమెరికన్ ఎక్స్‌ప్రెస్, సిటీకార్ప్ వంటి సంస్థలు తెచ్చిన ఒత్తిడి లేకపోతే ఈ ఒప్పందమే ఉండేది కాదని ఆ సంస్థ సేవల విభాగం డైరెక్టర్ డేవిడ్ హార్ట్‌రిడ్జ్ 1997లో ఒక ప్రసంగంలో బాహాటంగా ఒప్పుకున్నారు.

మేనేజ్‌మెంట్ క్లాసులో పోటీ అంటే ధర, నాణ్యత, ఖాతాదారుల సేవ అని నేర్చుకున్నాం. పోటీ నియమాలను రాయించుకోవడం కూడా పోటీలో భాగమేనని నాకు ఈ చరిత్ర చదివాకే అర్థమైంది.

నాలుగు దారులు

ఒక దేశం సేవ మరో దేశానికి నాలుగు దారుల్లో చేరుతుందని గ్యాట్స్ చెబుతుంది. మన భాషలో చెప్పుకుంటే ఇలా:

మొదటిది: హైదరాబాద్ కంపెనీ ఇక్కడే ఉండి సింగపూర్ బ్యాంకు నుంచి రుణం తీసుకోవడం.
రెండోది: మనం విదేశానికి వెళ్లి అక్కడి బ్యాంకులో ఖాతా తెరవడం.
మూడోది: విదేశీ బ్యాంకు ముంబైకి వచ్చి బ్రాంచి పెట్టడం.
నాలుగోది: పనిచేసే మనిషే దేశం దాటి వెళ్లడం.

పెద్ద బ్యాంకులకు కావలసింది మూడో దారి. మనలాంటి దేశాలు అడిగింది నాలుగో దారి.

1997 డిసెంబర్

గ్యాట్స్ వచ్చినా ఆర్థిక సేవల మీద బేరం తెగలేదు. మిగతా దేశాలు తలుపులు చాలినంతగా తెరవలేదని 1995లో అమెరికా వెనక్కి తగ్గింది. దాంతో అట్లాంటిక్‌కు రెండు వైపులా ఉన్న బ్యాంకులు, బీమా కంపెనీల అధినేతలు 'ఫైనాన్షియల్ లీడర్స్ గ్రూప్' పేరుతో చేతులు కలిపారు. తమలో తాము పోటీదార్లయినా, ఏయే దేశంలో ఏయే అడ్డంకి తొలగాలో ఉమ్మడిగా ప్రభుత్వాలకు చెప్పారు.

1997 జూలైలో థాయ్‌లాండ్ కరెన్సీ కూలింది. ఇండోనేషియా, దక్షిణ కొరియా కూడా అంతర్జాతీయ ద్రవ్యనిధి తలుపు తట్టాయి. ఆసియా అలా ఉక్కిరిబిక్కిరవుతున్న రోజుల్లోనే, డిసెంబర్ 12న, జెనీవాలో ఆర్థిక సేవల ఒప్పందం కుదిరింది. మలేషియాలో ఏఐజీ తన వాటాను తగ్గించుకోవాలా వద్దా అన్న పేచీ చివరి రోజుల దాకా నడిచింది. ఒక్క కంపెనీ వాటా అన్ని దేశాల చర్చలో అంశమైంది! 1999 మార్చి 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది.

మన జాబితాలో ఏముంది?

ప్రతి దేశం తాను ఎంతవరకు తెరుస్తుందో ఒక జాబితాలో రాసిస్తుంది. మన దేశం రాసిచ్చింది ఇది: పాతవాటికి, కొత్తవాటికి కలిపి విదేశీ బ్యాంకులకు ఏడాదికి 12 బ్రాంచీల లైసెన్సులు. బ్యాంకింగ్ వ్యవస్థ మొత్తం ఆస్తుల్లో విదేశీ బ్యాంకుల వాటా 15 శాతం దాటితే కొత్త లైసెన్సులు నిరాకరించవచ్చు.

ఆచరణలో రిజర్వ్ బ్యాంకు 12 కంటే ఎక్కువే ఇస్తూ వచ్చింది. మరి తేడా ఏమిటి? మనంతట మనం ఇచ్చినదాన్ని పరిస్థితిని బట్టి తగ్గించుకోవచ్చు. జాబితాలో రాసిచ్చినదాన్ని తగ్గించుకోవాలంటే నష్టపోయే దేశాలకు బదులుగా మరొకటి ఇవ్వాలి. ఇంటి పక్కవాళ్లను మన పెరట్లో నుంచి నడవనివ్వడం వేరు, ఆ దారిని దస్తావేజులో రాసివ్వడం వేరు.

గ్యాట్స్‌లో మనకు రక్షణ లేదా అంటే ఉంది. డిపాజిటర్లను, ఆర్థిక వ్యవస్థ స్థిరత్వాన్ని కాపాడే చర్యలు తీసుకునే హక్కు ప్రతి దేశానికి ఉందని దాని అనుబంధం చెబుతుంది. కానీ ఆ అనుబంధంలో గ్రామీణ రుణం, బడుగువర్గాల రుణం అనే మాటలు లేవు. అవి నిలవాలంటే జాబితాలో చోటు ఉంచుకోవాలి, లేదా దేశీయ నిబంధనలతో కాపాడుకోవాలి.

మా అమ్మాయి ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇక్కడుంది. మన బ్యాంకులు రుణాల్లో 40 శాతం ప్రాధాన్యతా రంగానికి, అందులో 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలి. 20 కంటే తక్కువ బ్రాంచీలున్న విదేశీ బ్యాంకుకు 40 శాతం లక్ష్యం ఉన్నా, అందులో ఎక్కువ భాగాన్ని ఎగుమతి రుణాలతో నింపుకోవచ్చు. వ్యవసాయ లక్ష్యం దానికి లేదు. అందుకే పల్లె రోడ్డు మీద కనబడే బోర్డు మనదే. లైసెన్సుల సంఖ్య ఒప్పందంలో ఉంటే, ఆ బ్రాంచి ఎవరికోసం పనిచేయాలన్నది మన నిబంధనల్లో ఉంది. రేపటి ఒప్పందాల్లో రెండోదాన్ని కూడా బేరంలో పెట్టమని అడిగేవారుంటారు.

గట్టిగా అడిగినవారిదే మాట

కంపెనీలు అడగడమే తప్పని నేను అనను. మన ఐటీ పరిశ్రమ కూడా నాలుగో దారి కోసం అడుగుతూనే ఉంది. ఏటా 65,000 హెచ్-1బి వీసాలన్న మాట అమెరికా గ్యాట్స్ జాబితాలోనే ఉంది. ఎన్నో తెలుగు ఇళ్ల పిల్లలు ఆ దారిలోనే వెళ్లారు. ఆ వీసాల ఫీజు పెంపు మీద 2016లో మన ప్రభుత్వం ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది.

మరో ఉదాహరణ పాలది. ఆర్‌సెప్ ఒప్పందం కుదిరితే న్యూజిలాండ్ పాలపొడి ముంచెత్తుతుందని అమూల్ సహా పాడి సహకార సంఘాలు గొంతెత్తాయి. కారణాలు అనేకం ఉన్నా, 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో భారత్ ఆ ఒప్పందం నుంచి తప్పుకోవడంలో ఆ గొంతు పాత్ర తక్కువేమీ కాదు. రెండు గేదెలున్న రైతు ఢిల్లీ వెళ్లలేడు. ఆయన సహకార సంఘం వెళ్లగలిగింది.

మరి పొదుపు సంఘం అక్కల తరఫున, కౌలు రైతు తరఫున, పింఛను కోసం మన కౌంటరు ముందు నిలబడే పెద్దాయన తరఫున వాణిజ్య చర్చల్లో ఎవరు మాట్లాడతారు? వాళ్ల అవసరం రోజూ చూసేది మనమే. ముసాయిదా మార్గదర్శకాల మీద రిజర్వ్ బ్యాంకు ప్రజాభిప్రాయం అడుగుతుంది. మన అధికారుల, ఉద్యోగుల సంఘాలు ఉన్నాయి. ఆ దారులు మనం వాడుకోవచ్చు.

ఈసారి ఒప్పందం వార్త చూసినప్పుడు ఇంట్లో మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆర్థిక సేవల భాగంలో మనం ఏం రాసిచ్చాం? అది అడిగింది ఎవరు? అడగలేనివారి కోసం ఏం మిగిల్చుకున్నాం?

మా అమ్మాయి ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు తనే వెతుక్కుంటోంది. ఒప్పందాల పాఠాలు వాణిజ్య మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. చదవడానికి కాస్త ఓపిక కావాలి, అంతే.