నల్లబడిన గోరు చెప్పేది

ప్రశ్న: కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తున్నాను. బొటనవేలి గోరు నల్లబడింది. జిమ్ షూస్‌తోనే పరిగెత్తవచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: వేలు షూ ముందు భాగానికి పదేపదే కొట్టుకుంటే గోరు కింద రక్తం గడ్డకట్టి అలా నల్లబడుతుంది. షూ ఇరుకైనా కావచ్చు, వదులై పాదం ముందుకు జారుతుండవచ్చు. జిమ్ షూస్ అడుగు చదునుగా, గట్టిగా ఉంటుంది. బరువులెత్తడానికి అదే మేలు, పరుగుకు కాదు.

రన్నింగ్ షూస్ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పరుగుకు వాడే సాక్సుతోనే తొడిగి, నిలబడి చూడండి. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ మాత్రం జారకూడదు. షూను చేత్తో వంచితే వేళ్ల మొదట్లో వంగాలి. నడిమికి విరిగినట్టు వంగేది వద్దు. చాలామందికి రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండవు కాబట్టి పెద్ద పాదానికే సైజు తీసుకోండి. ధర చూసి మురిసిపోకండి, దుకాణంలోనే నాలుగడుగులు పరిగెత్తి చూడండి.

పరీక్ష రోజున మాత్రం కొత్త జత తొడగవద్దు. గోరు నొప్పి పెరిగినా, చీము పట్టినా వెంటనే డాక్టరుకు చూపించండి.