జంట తీగల బుజూకీ

మాండలిన్ తెలుగువారికి కొత్త వాద్యం కాదు. కచేరీల్లోనూ చలనచిత్ర గీతాల్లోనూ దాని నాదం చిరపరిచితమే. ఇటలీలో రూపుదిద్దుకొన్న ఈ చిన్న వాద్యానికి నాలుగు జతలుగా ఎనిమిది లోహపు తీగలు ఉంటాయి. జతలోని రెండు తీగలూ ఒకే స్వరం పలుకుతాయి. ఒక జతకూ తరువాతి జతకూ నడుమ షడ్జమానికీ పంచమానికీ ఉన్నంత అంతరం ఉంటుంది. ఇదే అమరికను పొడవైన తీగలతో ఒక స్థాయి కిందికి దింపితే అది ఆక్టేవ్ మాండలిన్ అవుతుంది. మాండలిన్‌లో తీగ మోగే పొడవు సుమారు 35 సెంటీమీటర్లు; ఆక్టేవ్ మాండలిన్‌లో 50 నుంచి 58 వరకు ఉంటుంది. మరికొంత పొడవుతో, 60 దాటి 68 సెంటీమీటర్ల వరకు సాగే తీగలతో, ఇదే వరుసలో నిలిచేది బుజూకీ.

అయితే బుజూకీ పుట్టుక వేరు. తుర్కీ దేశపు సాజ్ మొదలైన పొడుగు మెడ వాద్యాల వంశానికి చెందిన ఈ గ్రీకు వాద్యం, ఇటలీ మాండలిన్ నుంచి గిన్నె వంటి పొట్టను, లోహపు తీగలను గ్రహించింది. మాండలిన్‌కు ఇది తోబుట్టువు కాదు, దగ్గరి చుట్టం. నేడు సంగీతశాలల్లో గౌరవంగా మోగుతున్న ఈ వాద్యం ఒకనాడు మర్యాదస్థులు తమ గడప తొక్కనీయనిది.

1922లో ఆసియా మైనరులో గ్రీకు సేనలు ఓడిపోయాయి. మరుసటి ఏడు కుదిరిన లోజాన్ ఒప్పందం ప్రకారం గ్రీసు, తుర్కీ దేశాలు మతాన్ని బట్టి తమ ప్రజలను మార్పిడి చేసుకొన్నాయి. పది లక్షలకు పైగా జనం ఇల్లూ వాకిలీ విడిచి గ్రీసుకు చేరారు. ఏథెన్సు నగరానికి రేవుపట్టణమైన పిరియస్ చుట్టూ వారి గుడిసెలు వెలిశాయి. కాందిశీకులు తెచ్చుకొన్న తూర్పు రాగాలు, ఓడరేవు కూలీల పాటలు, చెరసాల పదాలు కలగలిసి రెబెటికో అనే గానరీతి బలపడింది. ఆకలి, ప్రేమ, మత్తు, జైలు, మరణం దానికి వస్తువులు. దానికి గొంతునిచ్చిన వాద్యం బుజూకీ.

ఈ రీతికి ఆద్యులలో ఒకడుగా పేరొందిన మార్కోస్ వంవకారిస్ 1905లో సీరోస్ దీవిలో పేద కుటుంబంలో జన్మించాడు. పసితనంలోనే పనిలో చేరి, పిరియస్‌లో బొగ్గు మోసి, ఆపై కబేళాలో పనిచేశాడు. ఒకనాడు ఎవరో వాయిస్తున్న బుజూకీని విని, ఆరు నెలల్లో దానిని నేర్వలేకపోతే కబేళా కత్తితో తన చేతిని నరుక్కొంటానని ప్రతిన పూనినట్లు ఆయన తన జ్ఞాపకాలలో చెప్పుకొన్నాడు. చేయి దక్కింది. 1930వ దశకంలో ఆయన బుజూకీ గ్రామఫోను రికార్డుల ద్వారా గ్రీసు అంతటా వినిపించింది.

1936లో అధికారం చేజిక్కించుకొన్న మెటాక్సాస్ నియంతృత్వ ప్రభుత్వం పాటలపై ఆంక్షలు విధించింది. తూర్పు వాసన గల రాగాలూ మత్తుపదార్థాల ప్రస్తావనలూ నిషేధానికి గురయ్యాయి. బుజూకీ చేతబట్టి వీధిలో నడవడం పోలీసుల కంట పడడమే. అట్టి రోజుల్లో బగ్లమాస్ అనే పిల్ల బుజూకీ అక్కరకు వచ్చింది. కోటు చాటున దాగేటంత చిన్నది కనుక అది చెరసాల గోడలను కూడా దాటిందంటారు.

యుద్ధానంతరం వాద్యం రూపు మారింది. అంతవరకు మూడు జతలతో ఉన్న బుజూకీకి 1950వ దశకంలో మనోలిస్ హియోటిస్ నాలుగో జతను చేర్చి, గిటారును పోలిన శ్రుతిని ప్రచారంలోకి తెచ్చాడు. వేగం, స్వరసమ్మేళనం సులభమయ్యాయి. పాత పద్ధతిని అభిమానించేవారు మాత్రం ఇప్పటికీ మూడు జతల బుజూకీనే కోరుకొంటారు. ఆ పొడి నాదంలో ఉన్న బిగువు దీనిలో లేదని వారి వాదన.

అసలు పరీక్ష 1960లో ఎదురైంది. 1936లో థెస్సలొనీకి నగరంలో సమ్మె చేస్తున్న కార్మికులపై కాల్పులు జరిగాయి. కొడుకు శవంపై విలపించే తల్లి ఛాయాచిత్రాన్ని చూసి కవి యానిస్ రిట్సోస్ ‘ఎపితాఫియోస్’ అనే కావ్యం రాశాడు. సంగీతకర్త మికిస్ థియొడొరాకిస్ దానికి బాణీలు కట్టి, హియోటిస్ బుజూకీతోనూ, సామాన్య జనగాయకుడైన బిథికోట్సిస్ గొంతుతోనూ వినిపించాడు. ఇంతటి కావ్యానికి తాగుబోతుల వాద్యమా అని పండితులు మండిపడ్డారు. పత్రికల్లో వాదోపవాదాలు చెలరేగాయి. కూలి కొడుకును గురించిన శోకాన్ని కూలివాని వాద్యం కన్న బాగా పలుకగలిగేది మరొకటి ఏముంటుంది? శ్రోతలు ఆ ప్రశ్నకు తమ తీర్పు చెప్పారు. రెబెటికోను 2017లో యునెస్కో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంతలో బుజూకీ మరో సముద్రతీరం చేరింది. 1960వ దశకం నడుమ జానీ మొయినిహన్ దానిని ఐర్లండు జానపద సంగీతంలో ప్రవేశపెట్టాడు. వేణువు, ఫిడేలు ఒకే వరుసను పలికే ఆ సంగీతానికి తోడు పలికే వాద్యం కావలసివచ్చింది. ఎడమచేతి వాటం గల డోనల్ లన్నీ గ్రీకు బుజూకీని తనకు అనువుగా మలచుకొన్నాడు. మంద్ర జతల్లో ఒక తీగ స్థాయి పైన పలికే గ్రీకు పద్ధతిని విడిచి, రెంటినీ ఒకే స్వరానికి తెచ్చాడు. గిన్నె వంటి పొట్ట ఒడిలో జారిపోతుంది కనుక, లోతు తక్కువైన వీపుతో పీటర్ ఆబ్నెట్ అనే ఆంగ్ల శిల్పి ఆయనకు కొత్త వాద్యం చేసి ఇచ్చాడు. 1972లో ఏర్పడిన ప్లాంక్స్టీ బృందంలో లన్నీ దానిని మోగించాక, ‘ఐరిష్ బుజూకీ’ అనే మాట స్థిరపడింది.

ఇట్టి వాద్యాన్ని సొంతం చేసుకొన్నవానికి మొదట అలవడవలసింది ఓర్పు. జతలోని రెండు తీగల శ్రుతి వెంట్రుకవాసి తేడా వచ్చినా నాదంలో అలల వంటి వణుకు పుడుతుంది. సగం ఆయువు శ్రుతి చేయడానికే చెల్లిపోతుందని వాద్యకారులు వేళాకోళం చేసుకొంటారు; అందులో అతిశయోక్తి కొంతే. చాలా వాద్యాలలో తీగలను మోసే బ్రిడ్జిని అతికించరు. తీగల ఒత్తిడే దానిని నిలుపుతుంది. తీగలన్నీ ఒక్కసారి విప్పితే అది చోటు తప్పి, పై మెట్ల స్వరాలు అపశ్రుతి పలుకుతాయి. కాబట్టి ఒక జత మార్చిన తరువాతనే మరొక జతను విప్పాలి. గాలి మరీ ఎండిపోతే పలుచని పైపలక పగులుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలితే అతుకులు సడలుతాయి. మాండలిన్ నుంచి వచ్చినవారికి మెట్ల ఎడం మొదట వేళ్లను నొప్పిస్తుంది. పాట వరుసను వాయించదలచినవారు ఆక్టేవ్ మాండలిన్‌నూ, తోడు వాయించదలచినవారు బుజూకీనీ ఎన్నుకోవడం మేలు.

జంట తీగల నాదం ఎంత నిండైనదైనా కర్ణాటక సంగీతానికి అది ఆటంకమయింది. గమకం కోసం లాగితే రెండు తీగలూ సమంగా కదలవు. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఈ చిక్కును విప్పాడు. ఎలక్ట్రిక్ మాండలిన్‌పై జంటలు తొలగించి, ఐదు ఒంటి తీగలు అమర్చుకొన్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన కృతులను పాడి వినిపిస్తే, శిష్యుడు వాటిని తీగలపై పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేసేనాటికి ఆ బాలునికి తొమ్మిదేళ్లు.