రైజెన్ పీసీకి 8000 స్పీడ్ ర్యామ్ అవసరమా? కొనేముందు ఈ లెక్క చూడండి

"బ్రో, రైజెన్ 9000 సిరీస్ తీసుకుంటున్నా. 6000 బదులు 8000 ర్యామ్ వేస్తే స్పీడ్ ఎంత పెరుగుతుంది?" పీసీ బిల్డ్ గురించి నన్ను ఎవరు అడిగినా చివరికి ప్రశ్న ఇక్కడికే వస్తుంది. డబ్బా మీద నెంబర్ ఎంత పెద్దదైతే పీసీ అంత ఫాస్ట్ అని అందరం అనుకుంటాం. నేనూ అలా అనుకునే చేతులు కాల్చుకున్నాను, ఆ సంగతి కింద చెప్తాను.

ముందు ఆ నెంబర్ ఏంటో చూద్దాం. డీడీఆర్5-6000 అంటే సెకనుకు 6000 మిలియన్ ట్రాన్స్‌ఫర్లు. అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జే, ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి 6000 అని రాస్తారు. సీపీయూ-జెడ్‌లో 3000 కనిపిస్తే షాపు వాడు మోసం చేశాడని కంగారు పడకండి.

డబ్బా మీద ఇంకో చిన్న నెంబర్ ఉంటుంది, సీఎల్ అని. చాలామంది దాన్ని అసలు చూడరు. డేటా అడిగాక అది రావడానికి ఎన్ని క్లాక్‌లు పడుతుందో చెప్పేది అదే. సీఎల్‌ను 2000తో గుణించి ర్యామ్ స్పీడ్‌తో భాగిస్తే నానోసెకన్లలో ఆలస్యం తెలుస్తుంది. 6000 సీఎల్30 అయితే 10 నానోసెకన్లు. 8000 సీఎల్40 అయినా అదే 10. పాత డీడీఆర్4-3200 సీఎల్16 కూడా సరిగ్గా 10! అదే 5600 సీఎల్46 తీసుకుంటే 16 దాటిపోతుంది. అంటే 8000 వల్ల ఆలస్యం తగ్గలేదు, ఒకేసారి ఎక్కువ డేటా పంపే దారి మాత్రం వెడల్పైంది.

మరి ఆ వెడల్పు రైజెన్‌కు ఉపయోగపడుతుందా? అసలు కథ ఇక్కడే ఉంది.

6000 ర్యామ్ రెండు ఛానెళ్లలో సెకనుకు 96 జీబీ వరకు ఇవ్వగలదు. కానీ రైజెన్‌లో కోర్లు ఒక చిప్‌లెట్ మీద, మెమరీ కంట్రోలర్ ఇంకో చిప్‌లెట్ మీద ఉంటాయి. రెండింటినీ కలిపేది ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్. అది మామూలుగా 2000 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, ఒక్కో క్లాక్‌కు 32 బైట్లు చదువుతుంది. అంటే ఒకే కోర్ చిప్‌లెట్ ఉన్న 9700ఎక్స్ లాంటి ప్రాసెసర్‌కు సెకనుకు 64 జీబీ దాటి చేరదు. ట్యాంకు ఎంత పెద్దదైనా పైపు అంతే కదా.

ఇంకో చిక్కు కూడా ఉంది. 6000 దగ్గర ర్యామ్ క్లాక్, మెమరీ కంట్రోలర్ క్లాక్ రెండూ 3000తో సమానంగా నడుస్తాయి. సుమారు 6400 దాటాక చాలా చిప్‌లు ఆ జోడీని నిలబెట్టలేవు, అప్పుడు కంట్రోలర్ సగం వేగానికి పడిపోతుంది. 8000 ర్యామ్ వేస్తే ర్యామ్ క్లాక్ 4000, కంట్రోలర్ 2000. అంటే డబ్బులు ఎక్కువ పెట్టి కంట్రోలర్‌ను 3000 నుంచి 2000కి దించుకున్నట్టు! రైజెన్ 7000 వచ్చినప్పుడు ఏఎండీయే 6000ను సరైన స్పీడ్‌గా చెప్పింది. నా దృష్టిలో 9000 సిరీస్‌కూ 6000 సీఎల్30 చాలు.

ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ లెక్క వేరు. అక్కడ డీడీఆర్5 కంట్రోలర్ ఎలాగూ ర్యామ్ క్లాక్‌లో సగానికే నడుస్తుంది, కాబట్టి 7200, 8000 వేస్తే ఎంతోకొంత ఫలితం కనిపిస్తుంది. స్టిక్ మీదే క్లాక్ చిప్ ఉండే సీయూడిమ్ రకానికి అధికారికంగా 6400 సపోర్ట్ ఉంది, మామూలు స్టిక్‌లకు 5600.

ఇక గేమింగ్. 4కేలో ఆడితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే, ర్యామ్ తేడా దాదాపు కనిపించదు. 1080పీలో హై రిఫ్రెష్ మానిటర్ పెట్టుకుని ఆడేవాళ్లకే ఇది పట్టింపు. 9800ఎక్స్3డీ లాంటి చిప్‌లో 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంటుంది, చాలా పని అక్కడే అయిపోతుంది కాబట్టి ర్యామ్ కాస్త నెమ్మదైనా పెద్దగా ఫీల్ అవ్వరు. సినీబెంచ్ స్కోర్ చూసి ర్యామ్‌ను అంచనా వేయకండి, అది ర్యామ్‌ను దాదాపు పట్టించుకోదు. జిప్ ఫైళ్ల కంప్రెషన్‌లో తేడా బాగా తెలుస్తుంది.

ఇప్పుడు నా పొరపాటు. నా 9700ఎక్స్‌లో 16 జీబీ స్టిక్‌లు రెండు, 6000 దగ్గర హాయిగా నడుస్తున్నాయి. వీడియో ఎడిటింగ్‌కు చాలడం లేదని అదే మోడల్ కిట్ ఇంకోటి తెచ్చి మిగిలిన రెండు స్లాట్లలో పెట్టాను. స్క్రీన్ నల్లగానే ఉండిపోయింది. బోర్డు పోయిందేమో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి సీమాస్ రీసెట్ చేస్తే ఆన్ అయింది, కానీ స్పీడ్ 3600! బోర్డులో లోపమేం లేదు. నాలుగు స్టిక్‌లు వేస్తే ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ అధికారికంగా చెప్పేదే 3600, స్పెసిఫికేషన్ పేజీలో ఉంది, నేనే చూడలేదు. చివరికి నాలుగూ నష్టానికి అమ్మేసి 32 జీబీవి రెండు కొన్నాను. తర్వాత పెంచుకుందాంలే అనే ఆలోచన ఉంటే అది కొనే రోజే తేల్చుకోండి.

కొన్నాక చాలామంది మర్చిపోయేది ఎక్స్‌పో. బయోస్‌లో అది ఆన్ చేయకపోతే 6000 ర్యామ్ కూడా 4800 దగ్గరో 5600 దగ్గరో నడుస్తుంది, టాస్క్ మేనేజర్‌లో మెమరీ ట్యాబ్ చూస్తే తెలిసిపోతుంది. ఇంటెల్‌లో దాని పేరు ఎక్స్ఎంపీ. ఇది అధికారికంగా ఓవర్‌క్లాకింగ్ కిందకే వస్తుంది. 2023లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ చిప్‌లు కాలిపోయాక ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజీని 1.3 దగ్గర ఆపేసింది, కాబట్టి పాత బోర్డు అయితే ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. స్టిక్‌లు రెండే అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏఎమ్5 బోర్డు మెమరీని ట్రైన్ చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. స్క్రీన్ రాలేదని మధ్యలో స్విచ్ కట్టేయకండి, టీ తాగి రండి.