పైన్ ఆకులు వేస్తే నేల ఆమ్లంగా మారుతుందా?

ప్రశ్న: మాది జహీరాబాద్ దగ్గర పల్లె. పెరట్లో పెట్టిన నాలుగు బ్లూబెర్రీ మొక్కల లేతాకులు పసుపెక్కాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పైన్ ఆకులు తెప్పించి వేయమంటారా?

జవాబు: పైన్ ఆకుల కోసం డబ్బు పెట్టకండి. పచ్చి ఆకుల్లో ఉండే ఆమ్లగుణం అవి కుళ్లేకొద్దీ పోతుంది, నేల పీహెచ్ పెద్దగా తగ్గదు. తేమ నిలిపే మల్చింగ్‌కు అవి మంచివే. కానీ ఆ పనికి సరుగుడు ఆకులో, రంపపు పొట్టో చాలు. బ్లూబెర్రీ వేళ్లు పైపైనే పాకుతాయి కాబట్టి ఆ కప్పు తప్పనిసరి.

మీరు చెప్పినది ఇనుము లోపం లక్షణం. ఈ మొక్కకు పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. అంతకు మించితే నేలలో ఇనుమున్నా వేళ్లకు అందదు. ముందు మట్టినీ, బోరు నీళ్లనూ పరీక్ష చేయించండి. దిడ్గి కృషి విజ్ఞాన కేంద్రం మీకు దగ్గరే, అక్కడ అడగండి.

మీ ప్రాంతంలో ఎర్ర లాటరైట్ నేలలూ, నల్లరేగళ్లూ రెండూ ఉన్నాయి. సున్నపు గులకలున్న నల్లరేగడిలో గంధకం ఎంత వేసినా ఆ ఆమ్లాన్ని సున్నమే విరిచేస్తుంది. అక్కడ ఆశ వదులుకోండి. ఎర్రనేలలో గంధకం పొడి పనిచేస్తుంది. అయితే సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చడానికి నెలలు పడుతుంది, అందుకే నాటకముందే కలపాలి.

నాలుగు మొక్కలే కాబట్టి, కొబ్బరిపొట్టు నింపిన పెద్ద కుండీల్లోకి మార్చడం నా సలహా. బైకార్బనేట్లున్న బోరు నీళ్లు పోస్తే పీహెచ్ మళ్లీ పెరుగుతుంది, వాననీళ్లు పట్టి ఉంచుకోండి. ఎరువుగా అమ్మోనియం సల్ఫేట్ కొద్దికొద్దిగా వేయండి, కాల్షియం నైట్రేట్ వద్దు. రకం పేరు కూడా కనుక్కోండి: చలి ఎక్కువ కావాల్సిన రకమైతే మీ వేడికి పూత రాదు.