ఊ కొట్టే మనిషి కావాలి

పాలమూరు పల్లెల్లో అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా తిరిగి రిటైరయ్యాను. అక్కడ నేర్చుకున్నవి ఇవి.

1. ఏడవని పసిబిడ్డను చూసి మురిసిపోకండి. "మా మన్మరాలు బంగారం మేడమ్, యాడ కూసోబెడితె ఆడ్నే ఉంటది" అంది ఓ అవ్వ. అమ్మానాన్నలు పుణెలో మట్టిపనికి పోయారు. పిల్లకు రెండేళ్లు. గిలక్కాయ ఆడిస్తే చూసింది గానీ చెయ్యి చాపలేదు. ఎత్తుకుంటే మెడ పట్టుకోలేదు. ఏడ్చి ఏడ్చి ఎవరూ రాకపోతే బిడ్డ ఏడుపే మానేస్తుంది. మనం దాన్ని బుద్ధి అనుకుంటాం.

2. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం పిండి ఇంటికి చేరుతుంది, తూకమూ సరిగ్గానే ఉండొచ్చు, మా రిజిస్టరుకు అది చాలు. బిడ్డకు చాలదు. తను "ఊ" అంటే తిరిగి "ఊ" అనే మనిషి ఉండాలి. మాటా, ధైర్యమూ ఆ బదులు మీదే పెరుగుతాయి.

3. ఇది ముసలి చాదస్తం కాదు. రుమేనియాలో నియంత చౌషెస్కు 1966లో గర్భస్రావాలను నిషేధించాడు. సాకలేని బిడ్డలతో అనాథాశ్రమాలు నిండిపోయాయి. 1989లో అతను కూలిపోయాక లోకం ఆ గదుల్లోకి తొంగిచూసింది: వరుసగా ఊచల మంచాలు, వాటిలో ముందుకూ వెనక్కూ ఊగుతూ తమను తామే జోకొట్టుకునే పిల్లలు. 2000లో నెల్సన్, ఫాక్స్, జీనా అనే అమెరికా పరిశోధకులు బుకారెస్ట్ ఆశ్రమాల్లోని 136 మంది పసివాళ్లను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందిని పెంపుడు ఇళ్లకు పంపారు. ఇళ్లకు వెళ్లినవాళ్ల తెలివితేటలు మెరుగుపడ్డాయి. రెండేళ్లలోపే వెళ్లినవాళ్లు ఇంకా బాగా కోలుకున్నారు. మరి మిగతా సగం? వాళ్లను ఆశ్రమంలోనే ఉంచాలని పరిశోధకులు పట్టుబట్టలేదంటారు. అయినా నాకు మింగుడుపడదు.

4. తల్లిని తిట్టకండి. కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక ఆగేదెలా? అవ్వకేమో మోకాళ్ల నొప్పులు, కళ్ల మసక. హైదరాబాద్ ఫ్లాట్లలో ఫోను చేతికిచ్చి కూర్చోబెట్టే వాళ్లకు ఆ సాకు కూడా లేదు.

5. మాట రాని బిడ్డకు ముందు చెవులు పరీక్ష చేయించండి. వినపడకపోవడాన్నీ నిర్లక్ష్యం ఖాతాలో వేసి ఇంట్లోవాళ్లను ఆడిపోసుకోవడం చూశాను. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ అని పిల్లల ఎదుగుదలను పరీక్షించే కేంద్రం ఉంటుంది, డబ్బు అడగరు. బిడ్డను నిజంగానే వదిలేశారనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఐదేళ్లు వచ్చాక అదే మాట్లాడుతుందిలే అని మాత్రం కూర్చోకండి.